జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు

నాకు ముక్కు మీద కోపం. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఆ కోపాన్ని ప్రోగ్రాములో కూడా రాసిపెట్టగలనని మాత్రం కోలారు బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో తెలిసింది.

అక్కడ ఒక చిన్న ధర్మాసుపత్రి ఉంది. గని దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన ముసలివాళ్ళే ఎక్కువగా వస్తారు. వాళ్ళ వివరాలు నమోదు చేసే ప్రోగ్రాము నేను రాశాను. కోలారులో ఇంట్లో కూర్చుని రాసి, బస్సెక్కి వెళ్ళి, ఆసుపత్రి కౌంటర్లో ఉన్న పాత కంప్యూటర్‌లో ఎక్కించి వచ్చాను. తెర మీద పేరుకొక గడి, ఊరికొక గడి, పుట్టిన తేదీకొక గడి. తేదీ గడి ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగుండదని, తెరవగానే జనవరి ఒకటి కనిపించేలా పెట్టాను. కౌంటర్లో కూర్చునే ఆవిడ వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూసి, దాన్ని మార్చి అసలు తేదీ కొట్టాలి. ఆవిడ కూడా గని కార్మికుడి కూతురే, నాకంటే పదేళ్ళు పెద్దది.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళి చూస్తే సగం మంది జనవరి ఒకటినే పుట్టినట్టుంది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఆ గడిని ముట్టుకోకుండా ఎంటర్ కొట్టుకుంటూ పోతోందని తీర్మానించేశాను. ఒక్క మాట అడిగినా సరిపోయేది, అడగలేదు. కూర్చుని ఒక నియమం రాశాను. జనవరి ఒకటి అని ఉంటే గడి ఎర్రబడాలి, 'సరైన తేదీ ఇవ్వండి' అని రావాలి, మార్చేదాకా కర్సర్ పక్క గడిలోకి కదలకూడదు. ఇక అరిచి గీపెట్టినా తప్పించుకోలేదు అనుకున్నాను. అనుకుని సంతోషించాను కూడా.

మర్నాడే ఆవిడ ఫోన్ చేసింది.

"మేడమ్, ఈ తాతకి కార్డులోనే జనవరి ఒకటి ఉండాది. కంప్యూటర్ ఒప్పుకోల్యా."

"కార్డు సరిగ్గా చూసి కొట్టండమ్మా. నాకు పనుంది," అన్నాను.

మళ్ళీ ఆవిడ ఫోన్ చెయ్యలేదు. సమస్య తీరిపోయిందనుకున్నాను.

నాకు తెలియదని చెప్పుకోవడానికి కూడా లేదు. మాలూరు దగ్గర పల్లెలో రాగులు పండించే మా నాన్న కార్డులోనూ జనవరి ఒకటే. కార్డు తీసినప్పుడు వయసు అడిగారు, ఈయన అరవై దాకా ఉంటుందన్నాడు, రోజూ నెలా వాళ్ళే వేసేశారు. ఆ కాలంలో పిల్లలు పుట్టిన తేదీ ఎవరు రాసిపెట్టుకున్నారు? ఏటా కొత్త సంవత్సరం పొద్దున బ్యాంకు నుంచి పుట్టినరోజు శుభాకాంక్షలు వస్తే, నాచేత చదివించుకుని నవ్వుతాడు. "నన్ను తల్చుకునేవాళ్ళు కూడా ఉండారే," అంటాడు. ఇంట్లో ఇంత సాక్ష్యం పెట్టుకుని ఆ నియమం రాశాను. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

దగ్గుతూ నిలబడ్డ మనుషుల్ని ఆవిడ మాత్రం కౌంటర్ ముందు ఎంతసేపని నిలబెడుతుంది? జనవరి రెండు అని కొట్టింది. ఎరుపు పోయింది, కర్సర్ కదిలింది. నిజం కొడితే ఆపిన గడి, అబద్ధం కొట్టగానే దారి ఇచ్చింది. ఆ రోజు నుంచి అలాంటివాళ్ళందరికీ జనవరి రెండే కొట్టుకుంటూ పోయింది.

వాళ్ళలో గనిలో డ్రిల్లింగ్ పని చేసిన పెద్దాయన ఒకడున్నాడు. పడుకుంటే ఊపిరాడదు, గోడకి ఆనుకుని కూర్చునే కునికేవాడు. ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ యంత్రం ఆయనకి కావాలి. దాన్ని బెంగళూరులోని ఒక సంస్థ ఇస్తుంది. మా ప్రోగ్రాములోంచి వచ్చిన దరఖాస్తుకి కార్డు నకలు జతచేసి పంపారు. 'వివరాలు కలవలేదు' అని తిరిగొచ్చింది. ఏ వివరమో రాయలేదు. ఆయన భార్య ఆసుపత్రి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. కౌంటర్ ఆవిడ అదే కాగితం మళ్ళీ పంపింది, మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి కూడా తిరిగొచ్చాక నాకు ఫోన్ చేసింది.

"కోప్పడొద్దండి మేడమ్. ఒకసారి వచ్చి చూస్తారా?"

వెళ్ళాను. కార్డునీ దరఖాస్తునీ పక్కపక్కన పెట్టి చూశాను. కార్డులో ఒకటి, కాగితంలో రెండు.

"ఎందుకిట్ల కొట్టినారు?" అని అడిగాను.

"ఒకటి కొడితే మీరు వదల్లేదు కదా మేడమ్," అంది.

కంప్యూటర్ అనలేదు, మీరు అంది.

అక్కడే కూర్చుని నియమం తీసేశాను. తేదీ గడిని ఖాళీగా వదిలి, ఏమీ కొట్టకపోతేనే అడిగేలా మార్చాను. పది నిమిషాల పని. మొదటే చెయ్యాల్సిన పని. దరఖాస్తు సరైన తేదీతో వెళ్ళింది, ఈసారి ఒప్పుకున్నారు, యంత్రం వచ్చింది. అప్పటికి పెద్దాయన పోయి నాలుగు రోజులైంది.

ఫైలు మూయాలంటే పోయిన తేదీ కావాలి. కనుక్కుని వస్తానని కౌంటర్ ఆవిడ లేచింది. నేనే వెళ్తానని ఆవిడని కూర్చోబెట్టాను.

ఆయన భార్య గడప దగ్గర కూర్చుని ఉంది. గడి, నియమం, కర్సర్, ఇవన్నీ ఆమెకెలా చెప్పాలో తెలియలేదు. "ఆయన పుట్టిన తేదీ తప్పు పడిందమ్మా. నావల్లే. అందుకే యంత్రం ఆలస్యమైపాయ," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"యా దినం పుట్టినాడో ఆయనకే తెలీదు గదమ్మా," అంది. "ఇంగ నీకెట్ల తెలుస్తుంది?"

నేను తల దించుకునే పుస్తకం తీసి, పోయిన తేదీ అడిగాను.

"అది నాకు బాగా తెలుసు," అంది. "రాసుకో."