వదిన కథలో నిజాంపురా మినారు

మీసాలు సరిగ్గా రాకముందే రచయితనైపోయిన ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఆధునిక కథ బొంబాయి సముద్రం ఒడ్డునే పుట్టాలి, మేముండే మగ్గాల ఊరు భివండీలో పుట్టేది గుడ్డ మాత్రమే. అందుకే నా కథానాయకులంతా మెరైన్ డ్రైవ్ గట్టు మీద కూర్చుని ఒంటరితనంతో కుమిలిపోయేవారు. (ఆ గట్టును నేను చూసింది ఒక్కసారే, అదీ మా నాన్న "లే, బండి పోతది" అని తొందరపెడుతుంటే.)

ఒక ఆదివారం మా తెలుగువాళ్ళ హాల్లో కథలు చదివాం. నాది అయ్యాక మా పెదనాన్న ఒక్కటే అడిగాడు: "గంత దూరం పోయినోడు ఇంటికెట్ల వచ్చిండు బిడ్డా?" తర్వాత మా మేనత్త కూతురు చదివింది. నాకు వదిన. ఆమె కథలో మా ఊరి శాంతి నగర్‌లో కరెంటు పోయి సాంచాలన్నీ, అంటే మరమగ్గాలన్నీ, ఒక్కసారిగా ఆగిపోతాయి. పుట్టినప్పటి నుంచి ఆ మోతలోనే బతికిన ఒకావిడకు, ఆ నిశ్శబ్దంలో తన చెప్పుల చప్పుడే ఎవరో వెంటపడుతున్నట్టు వినిపిస్తుంది. బెదిరి తలెత్తితే, ఇళ్ళ సందులోంచి దూరంగా నిజాంపురా మసీదు మినారు. అంతే కథ. హాలంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం కడుపు మండిపోయింది.

"శాంతి నగర్‌కెల్లి మినార్ కనవడది. తప్పు రాసినవ్ వదినా," అన్నాను.

"పోయి చూసి చెప్పు మరి," అంది నవ్వుతూ.

మర్నాడే వెళ్ళాను. గల్లీ గల్లీలో తలెత్తి ఫోటోలు తీస్తుంటే ఒక కార్ఖానా సేటు నా కాలరు పట్టుకున్నాడు. "ఏంది తమ్మీ, మీటర్ల ఫోటోలు గుంజుతున్నవ్? బిజిలీ ఆఫీసోనివా?"

"కాదన్నా, గీడికెల్లి మినార్ కనవడ్తదని కథల రాసిన్రు, తప్పు పట్టనీకి వచ్చిన." (నిజం చెప్పినప్పుడే ఎవరూ నమ్మరు.)

అంతలో కరెంటు పోయింది. మోత తెగిపోయింది. నా గుండె చప్పుడు నాకే వినిపించి, వదిన రాసిన భయం పొల్లుపోకుండా నన్ను పట్టుకుంది. 'ఎంత బాగా రాసింది' అనిపించి, అలా అనిపించినందుకు ఇంకా మండింది. మెట్ల మీద నిలబడి ఇదంతా విన్న సేటు భార్య పిలిచింది: "మినారా? గిటు రా బిడ్డా, గదిగో!" రెండు నీళ్ళ ట్యాంకుల నడుమ, నిజంగానే, ఉంది.

సాయంత్రం వదిన ఎదుట తల దించుకున్నాను. "కనవడ్డది."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "నిజంగనా? నేనెన్నడు చూడలే. కథకు మంచిగుంటదని ఊకెనే పెట్టిన!"

చూసి రాస్తే ఓర్చుకునేవాణ్ణేమో. ఊహించి పెట్టిన మినారు కూడా పోయి ఆమె చెప్పిన చోటే నిలబడితే ఎలా ఓర్చుకోను?

ఇప్పుడు ఎవరి కథ బాగున్నా చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి భోంచేసి హాయిగా నిద్రపోతున్నాను. పెద్దరికం వచ్చిందంటారు అందరూ. ఒక్క మినారు కోసం మెడ పట్టేసేదాకా తిరిగిన ఆ కుళ్ళుబోతు కుర్రాడు గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. ఆ వెనకే, వాడి మీద కాస్త అసూయ కూడా.