పిట్ట ముట్టేదాకా

అమ్మ పోయిన మూడో రోజు పొద్దున పిట్టకు పెట్టడానికి కాలువ పక్కన మా పొలానికి వెళ్ళాం. ఆమెకు ఇష్టమైన జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, ఒక గ్లాసు చాయ్ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడ్డాం. పిట్ట వచ్చి ముట్టేదాకా ఎవరూ కదలకూడదు. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని అంటారు. నాకు ఆ నమ్మకం లేదు. అయినా నిలబడ్డాను.

అప్పుడే గట్టు మీద పోలీసు జీపు ఆగింది. ఆ రోజు పక్కనున్న హాలియాకు మంత్రి వస్తున్నాడు. కాలువ చివరి పొలాలకు నీళ్ళు అందడం లేదని మా అన్న రైతులను కూడగట్టి రోడ్డు మీద కూర్చునేవాడు. మంత్రి ఎవరు వచ్చినా ముందే అతన్ని తీసుకుపోయి సాయంత్రం దాకా స్టేషన్లో ఉంచేవారు. ఈసారి రారనుకున్నాం.

దిగిన హెడ్ కానిస్టేబుల్ ముస్లిం, రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. విస్తరిని చూసి టోపీ తీశాడు.

"ఎంతసేపైతది తమ్మీ?"

"గది పిట్ట ఇష్టం సాబ్," అన్నాడు అన్న.

"నడుమల రోడ్డు మీదికి ఉరుకవు గద?"

"ఉరకను. పిట్ట ముట్టినంక నేనే వచ్చి జీపెక్కుత."

ఆయన బూట్లు విప్పి మా మేనమామ పక్కన నిలబడ్డాడు. కాకులు కరెంటు తీగ మీదే ఉన్నాయి, దిగలేదు. ఆయన ఫోన్ మోగింది. "నా ముందలనే ఉన్నడు సార్. యాడికీ పోడు," అన్నాడు. అవతలి కేకలు మాకూ వినిపించాయి.

"మంత్రి కన్న కాకే బెట్టు జేస్తాంది," అన్నాడు మేనమామ.

"మంత్రి మాత్రం టైముకు వచ్చిండా మామా?" అని నవ్వబోయి, హెడ్ కానిస్టేబుల్ తల దించుకున్నాడు.

ఎండెక్కింది. మేనత్త అన్న దగ్గరికి వచ్చింది. "బిడ్డా, ఇగ ధర్నాలకు పోనని చెప్పు. నిన్ను కొడ్తరని మీ అమ్మకు ఒకటే రంది. చెప్పు, పిట్ట దిగుతది."

అదే సమయానికి రోడ్డు వైపు సైరన్లు, వాటి మీదుగా నినాదాలు. అన్న మనుషులు అతను లేకుండానే కూర్చున్నారు. మాకూ వాళ్ళకూ మధ్యలో రెండు పొలం మడులే. అన్న అటు తిరిగాడు. ఒక అడుగు వేశాడు కూడా. హెడ్ కానిస్టేబుల్ చూశాడు, పిలవలేదు. అన్న ఆగి, విస్తరి వైపు తిరిగాడు.

"పోనని చెప్పలేనమ్మా. పోత. కని రాయి పట్టను. ఎవ్వరి మీద చెయ్యెత్తను. గంతే."

కాకి వెంటనే రాలేదు. సైరన్లు ఆగిపోయాక చాలాసేపటికి ఒకటి దిగి రొట్టె ముక్క తీసుకుపోయింది. దానికి ఆకలైందనే నేను ఇప్పటికీ అనుకుంటాను.

అన్న జీపు వైపు నడిచాడు. హెడ్ కానిస్టేబుల్ అడ్డం వచ్చాడు. "స్నానం జేసి బువ్వ తిను. సాయంత్రం దాక ఉంచుమన్నరు, యాడ ఉంచాల్నో చెప్పలే. నేను మీ వాకిట్ల కూసుంట."

ఇద్దరూ సాయంత్రం దాకా ఒకే మంచం మీద కూర్చున్నారు.

దినాలు అయిపోయిన వారానికి అన్న మళ్ళీ రోడ్డెక్కాడు. తీసుకుపోవడానికి వచ్చింది ఆ హెడ్ కానిస్టేబులే. ఎదురుగా నిలబడి, "తమ్మీ, టైమైంది," అన్నాడు. అన్న నినాదం పూర్తి చేసి, దుమ్ము దులుపుకొని లేచాడు. ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.