మెడలో టేపు

లెక్కల మాస్టారికి తన తెలివి మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. ఒకే నోట్సుని ఇరవై ఏళ్లుగా చదివి వినిపిస్తూ, దాన్నే పాఠం చెప్పడం అనుకునే మహానుభావుడు. ఎవరికైనా లెక్క రాలేదా, ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా పిల్లలదే. టైలరమ్మ కూతురికైతే పేరే మార్చేశాడు. "ఏమే సున్నా, ఏడూ ఐదూ ఎంత?" అనేవాడు. పిల్ల బల్ల కింద వేళ్లు లెక్కపెట్టుకుంటే, ఆ వేళ్ల మీదే స్కేలుతో ఒక్కటిచ్చేవాడు, ఘనుడు!

ఆ వేళ తల్లినీ పిల్లనీ హెడ్మిస్ట్రెస్ గదికి పిలిపించాడు. "దీన్ని ఐదో తరగతికి పంపను. ఒట్టి బద్ధకం. ఇంట్లో రెండు తగిలించండి, ఎక్కాలు అవే వస్తాయి" అన్నాడు.

టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కంటే తన మీదే ఎక్కువ. ముందురోజే ఆ రెండూ తగిలించింది మరి! ఎక్కం పదిసార్లు చెప్పించినా పిల్ల మళ్లీ మొదటికొచ్చేసరికి చెంప ఛెళ్లుమనిపించింది. ఛీ, తనకి వచ్చి ఏడిస్తే కదా!

ఆమె మెడలో టేపు ఉత్త షోకు. దాని మీద అంకెలు ఆమెకి ఇప్పటికీ గజిబిజే. కొలతలన్నీ కాగితం పట్టీతోనే తీస్తుంది. ఛాతీ దగ్గర కత్తెరతో ఒక గాటు, నడుముకి రెండు, చేతికి మూడు. మనిషికో పట్టీ, దాని మీద పేరు, గోడకి మేకు. ఇది బయటపడితే ఇంకెవరైనా గుడ్డ ఇస్తారా? అందుకే కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

పిల్ల తల వంచుకుని నిలబడింది. అది చూశాక టైలరమ్మ ఇక ఆగలేకపోయింది.

"మాస్టారూ, మీరేసుకున్న చొక్కా ఎలా ఉంది?"

"దానికేం, బ్రహ్మాండంగా కుదిరింది. ఇప్పుడదెందుకు?"

ఆమె టేపు తీసి బల్ల మీద పడేసింది. "అది కుట్టినదానికి ఇది చదవడం రాదు. కొలతలన్నీ కాగితం పట్టీల మీద గాట్లే. ఏడూ ఐదూ ఎంతో నేనూ వేళ్ల మీదే చూసుకుంటాను. పొద్దస్తమానం మిషను తొక్కే నాదీ బద్ధకమేనా?"

మాస్టారు పకపకా నవ్వాడు. "అయితే ఇది వంశపారంపర్యమన్నమాట!" చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

హెడ్మిస్ట్రెస్ నవ్వలేదు. "కొందరు పిల్లలకి అంకెలు అలాగే ఇబ్బంది పెడతాయి మాస్టారూ. తెలివి లేక కాదు. డిస్కాల్కులియా అంటారు. తెలిసినవాళ్ల చేత పరీక్ష చేయిద్దాం. ఈలోగా వేళ్లూ వాడనివ్వండి, పట్టీలూ వాడనివ్వండి, టైమూ ఎక్కువివ్వండి. పిల్ల ఐదో తరగతికే వెళ్తుంది. ఆ స్కేలు మాత్రం ఇటివ్వండి."

టైలరమ్మ దుకాణం మూతపడలేదు. నెల తిరక్కుండా మాస్టారే చొక్కా గుడ్డ పట్టుకుని దిగాడు, సిగ్గులేని మనిషి. వేరేచోట కుట్టిస్తే భుజాలు జారిపోయాయట.

టైలరమ్మ కుర్చీలోంచి లేవలేదు. పట్టీ కూతురి చేతికిచ్చింది.

"చేతులెత్తండి మాస్టారూ" అంది పిల్ల.

ఎత్తాడు. పిల్ల పట్టీ చుట్టి, గాటు పెట్టి, మేకు మీది పాత పట్టీ పక్కన ఆనించి చూసింది.

"ఎంతో చెప్పలేను గానీ," అంది నింపాదిగా, "బాగా లావెక్కారు మాస్టారూ."