ఉప్పు తినే మిషను, చప్పటి పప్పు

మా ఇంటికి మెత్తటి నీళ్ల కబురు మొదట మోసుకొచ్చింది గాజులవ్వ. ఆ రోజుల్లో (మరీ వెనకటి మాటేం కాదు, నేను కొత్తకోడలిగా ధర్మవరం పక్కనున్న మా అత్తగారి ఊరికి వచ్చిన రోజులు) మా వీధి ఆడవాళ్లందరికీ గాజులు తొడిగేది ఆమే. చేతికి సబ్బు రుద్ది, ఆ నురగ మీద గాజును జార్చడం ఆమె పద్ధతి. మా బోరునీళ్లలో సబ్బు సగం అరిగినా నురగ రాదు, తెల్లటి తెట్టు మాత్రం కడుతుంది. ఒకరోజు నా చేతి మీద వరసగా గాజులు విరుగుతుంటే, ముక్కలు ఏరుకుంటూ ఆమె చెప్పింది: "చిలమత్తూరులో ఒకింట్లో మిషను పెట్టినారు తల్లీ. మన మాదిరి బోరునీళ్లే, దాంట్లోంచి వస్తే మెత్తబడతాండాయి. నురగ మోచేతి దాకా వచ్చినాది. ఒక్క గాజన్నా విరిగితే ఒట్టు." పాపం, ఆమె దిగులు గాజుల గురించి. నాకు మాత్రం ఆ మాటతో పప్పు గుర్తొచ్చింది.

నేను పుట్టి పెరిగింది కణేకల్‌లో, కాలువ నీళ్ల మీద. మా అమ్మ కందిపప్పు పొయ్యి మీద పెట్టి, వాకిట్లో ముగ్గేసి వచ్చేసరికి అది వెన్నలా ఉడికి ఉండేది. అత్తగారింట్లో కుక్కరు కూసీ కూసీ అలిసిపోయేది గానీ పప్పు బద్ద చెదిరేది కాదు. మా మామ కంచం ముందు కూర్చుని, ఈరోజు పప్పా, ఉలవలా అని మర్యాదగా అడిగేవాడు. కణేకల్‌లో పప్పు వండుకోరేమో పాపం అని మా అత్త వచ్చినవాళ్లతో నా తరఫున సర్దిచెప్పేది. (అంతకుముందు ఆమె వండిన పప్పూ బద్దలుగానే ఉండేదని తర్వాత తెలిసింది. ఆ మాట పైకి అనే ధైర్యం వీధిలో ఎవరికీ లేకపోయింది.)

ఆ మాటలు పడలేక, తర్వాత మామూలు రోజుల్లో కొన్న క్యాన్ నీళ్లతో గట్టెక్కేదాన్ని. కానీ శ్రావణ శనివారం మా ఇంట్లో తళిగ వేస్తారు. అంటే వెంకటేశ్వరస్వామికి అన్నమూ పప్పూ కూరలూ వండి, ఆకుల్లో రాశిగా పోసి, గోవిందలు పలికి, తర్వాత వీధికంతా వడ్డించడం. దానికి క్యాన్ నీళ్లు పనికిరావు. యాడ పట్టినారో, ఎవురు పట్టినారో, సామికి మనింటి నీళ్లే అనేది అత్త. సోడా వేసి ఉడికించడమూ అపచారమే. ఆ ఏడు తళిగ వంట నాకు అప్పజెప్పింది. వీధంతా నా పప్పు తినబోతోంది. కణేకల్ పరువూ, మా అమ్మ పరువూ ఒకే గుండిగలో ఉన్నాయని నాకు నిద్రపట్టలేదు.

మగ్గం గుంటలో కూర్చున్న మా ఆయనకు ఈ సంగతి చెప్తే, పప్పు కోసం మిషనా అని నవ్వి మళ్లీ నేతలో పడ్డాడు. నేను పప్పు మాట వదిలేసి, ఈ నీళ్లకు జుట్టు రాలుతుందట అన్నాను. మగ్గం ఆగిపోయింది. (ఆయన అప్పటికే అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడుతున్నాడు.) స్వామి ఏ దారిన కరుణిస్తాడో ఎవరికి తెలుసు!

రేపు మాపు అంటూ మిషను బిగించే ఫిట్టరు చివరికి తళిగకు ముందురోజు, శుక్రవారం సాయంత్రం దిగాడు. మిద్దె మీద ట్యాంకు పక్కన పొడుగాటి సిలిండరు నిలబెట్టి, దాని పక్కనున్న డబ్బాలో బస్తాడు ఉప్పు కుమ్మరించాడు. అత్త చూడనే చూసింది. ఉప్పెందుకప్పా అంటే, ఈ మిషను ఉప్పు తింటుందమ్మా, అందుకే నీళ్లు మెత్తబడేది అన్నాడు ఆ మహానుభావుడు. ఇంక ఆ నీళ్లు వంటింట్లోకి రానట్టే అనుకున్నాను. ఎందుకంటే అత్తకు శనివారం ఒక్కపొద్దు, ఆ రోజు ఉప్పు నాలుకకు తగలనివ్వదు. తళిగ పప్పు కూడా వీధికి పెట్టడమే గానీ తాను ఏనాడూ తిన్నది లేదు. చప్పటి పెరుగన్నంతో సరిపెట్టుకునేది. ఆ అన్నం ఉడకాల్సిందీ ఇంటి నీళ్లతోనే కదా.

లోపల పూసలున్నాయని, నీళ్లలోని సున్నాన్ని అవి పట్టుకుంటాయని, ఉప్పు ఆ పూసలను కడిగి మోరీలోకి పోతుందని ఫిట్టరు ఓపిగ్గా వివరించాడు. అత్త అంతా విని ఒక్క మాట అడిగింది.

"ఉప్పుతో కడిగిన చేతికి ఉప్పంటదా అప్పా?"

ఫిట్టరు పానాలు సర్దుకున్నాడు. ఇంట్లో మా నాయన దగ్గర పురాణాలు చదువుకున్నదాన్నే గానీ పూసల శాస్త్రం నాకేం తెలుసు? పోనీ రుచి చూద్దామంటే, రాత్రి ట్యాంకు నిండి పొద్దునకు గానీ ఆ నీళ్లు కుళాయిలోకి రావు. పొద్దున తళిగ అయ్యేదాకా వండేవాళ్లు గుక్కెడు నీళ్లయినా ముట్టకూడదు. చివరికి అత్త నా మొహం చూసి జాలిపడి తీర్పు చెప్పింది.

"పప్పుకు ఆ నీళ్లే వాడుకోపో, నా అన్నానికి పాత నీళ్లు పట్టిపెట్టుకుంటా. మళ్లా నువ్వు ఉప్పెయ్యాకు. నీళ్లలోనే ఉండాది, రెండుతూర్లయితాది."

శనివారం పొద్దున గుండిగ మూత తీసి గరిటె పెట్టాను. ఒక్క తిప్పుకు పప్పంతా కరిగిపోయింది. పొయ్యి ముందే చేతులు జోడించాను. ఉప్పు మాత్రం వేయలేదు. నైవేద్యం రుచి చూడకూడదు కదా, ఎట్లుందో తెలిసే దారీ లేదు.

గోవిందలయ్యాయి, పంక్తి కూర్చుంది. తొలి ముద్దకే పక్కింటి పిన్నమ్మ, ఏం మెత్తగుండాదే అంది. రెండో ముద్దకు చేతులన్నీ కూరల వైపు తిరిగాయి. మా మామ తలెత్తాడు.

"పప్పు కణేకల్‌దే అమ్మీ, ఒప్పుకుంటా. ఉప్పు ఆడనే మరిచిపోయి వచ్చినావా?"

అందరూ గొల్లుమన్నారు. గోడకు అతుక్కుపోయి అత్త వైపు చూశాను. ఆమె నవ్వలేదు. గరిటె పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, ఉప్పు లేదా, రవ్వంత కూడా లేదా అని అడిగి వచ్చింది. లేదక్కా, వట్టి చప్ప అన్నారు. అప్పుడు గరిటె నా చేతికిచ్చి, పంక్తి చివర తానే ఆకు వేసుకుని కూర్చుంది.

"అట్లయితే నాకూ పెట్టు."

దవడ పళ్లు పోయిన ఆమె, అన్నేళ్లు వడ్డించడమే తప్ప తినని ఆమె, తళిగ పప్పు కలుపుకుని నింపాదిగా తినింది. ఆకు ఖాళీ చేసి మళ్లీ చెయ్యి చాపింది. నీళ్లలో ఉప్పు లేదు, నాది పూచీ అని పంక్తికి చెప్పి, ఉప్పు గిన్నె తిప్పమంది. ఆ గిన్నె తిప్పుతుంటే ప్రసాదం పంచుతున్నట్టే ఉంది నాకు. మరుసటి వారం గాజులవ్వ నా రెండు చేతులకూ నిండుగా పచ్చ గాజులు తొడిగింది. నురగ మోచేతి దాకా వచ్చింది. ఒక్కటీ విరగలేదు.

అత్త ఇప్పుడు స్వామి దగ్గరే ఉంది. మిషను ఇంకా మిద్దె మీద ఉప్పు తింటూనే ఉంది. (మా ఆయన జుట్టు మాత్రం నిలవలేదు.) ఏటా తళిగ రోజు పప్పులో ఉప్పు వేసే ముందు ఒక గరిటెడు తీసి పక్కన పెడతాను. ఊరి పరువంతా గుండిగలో మోసుకు తిరిగిన ఆ కొత్తకోడలు అప్పుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. కళ్లూ కాస్త తడుస్తాయి. ఎప్పుడైనా మీ ఇంట్లో పప్పులో ఉప్పు పడకపోతే, వండినవాళ్లను ఏమీ అనకండి. ఉప్పు గిన్నె అందుకునే ముందు ఒక్క ముద్ద అట్లాగే తిని, మా అత్తను ఒకసారి తలుచుకోండి.