అద్దాల ఇంటి కింది వరుస

కొత్తగా కట్టే ఇళ్ల దగ్గర ఇటుకల మీద నీళ్లు చల్లినప్పుడు లేచే వాసన ఎవరికైనా హాయిగా ఉంటుందేమో గాని, యాభై దాటిన ఈ వయసులో కూడా నాకు మాత్రం తల దించుకుని ఆ వీధి దాటాలనిపిస్తుంది.

డెబ్బైల చివర మా నాయన నంద్యాల శివారులో ఒక పెద్ద రైతు తోటకు కాపలా ఉండేవాడు. ఆ ఆసామి ముచ్చటపడి, మొక్కల కోసం మద్రాసు నుంచి అద్దాలు తెప్పించి, ఏటవాలు కప్పుతో ఒక అద్దాల ఇల్లు కట్టించాడు. పండగకు పాణ్యం నుంచి, బనగానపల్లె నుంచి వచ్చిన మా చుట్టాలు ఓళిగలు తిన్న చేతులైనా సరిగా కడుక్కోకుండా దాన్ని చూడ్డానికే పరుగెత్తేవాళ్లు. వానలు వెనకబట్టేసరికి ఆ కప్పు మీద నల్లరేగడి దుమ్ము, వేపజిగురు, పిట్టల రెట్టలు, ఉప్పునీళ్ల చారలు ఒకదాని మీద ఒకటి గడ్డకట్టి, మిట్టమధ్యాహ్నం కూడా లోపల మసకగా ఉండేది.

దాన్ని కడిగేది సుశీలత్త. ఆళ్లగడ్డ నుంచి వచ్చి తోట వెనక గుడిసెలో ఒంటరిగా ఉండే ఆమెకు కూడూ గుడ్డా ఆ పనితోనే. చింతపండు పులుసులో ముంచిన పాతచీర పేలికలు అద్దాల మీద పరిచి, ఆరనీకుండా చిలకరిస్తూ పూటంతా నిచ్చెన మీదే ఉండేది. "గీకితే అద్దం పోతాది పాపా. నాననీ, అదే ఊడుతాది" అనేది. మా అమ్మ ఇటుకపొడితో, కొబ్బరిపీచుతో ఇత్తడి బిందెలను నిమిషాల్లో మెరిపించడం చూసిన పదేళ్ల నాకు ఆ నిదానం చూస్తే ఒళ్లు మండేది. ఈమెకు పని చేతకాదని నా తీర్మానం.

ఒక ఆదివారం ఆమె చర్చికి పోగానే, అచ్చెనగండ్లు ఆట మధ్యలో వదిలేసి, ఇటుకపొడి తెచ్చుకుని, నీళ్లతొట్టి గట్టెక్కి, చేతికందిన కింది వరుస అద్దాలన్నీ తోమేశాను. తడి మీద తళతళలాడాయి. అత్త మెచ్చుకుంటుందని ఎంత మురిసిపోయానో! ఎండకు ఆరాక చూస్తే వరుసంతా సన్నని గీతలు పడి, మజ్జిగ తాగిన గ్లాసులా తెల్లబడి ఉంది. మళ్లీ కడిగినా పోలేదు.

మర్నాడు ఆసామి వచ్చాడు. "ఏందిది? ఏం పెట్టి తోమితివి?"

"చింతపండేనప్పా..." అంటూ ఆమె తన చేతులకేసి చూసుకుంది. "పులుపు ఎక్కువ పడిందేమో."

నేను నాయన వెనకే నిలబడి ఉన్నాను. నిజం చెబితే నాయన పని పోతుందన్న భయం ఒకటి, నా వీపు పగులుతుందన్న భయం ఒకటి. రెండోదే పెద్దదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ సాయంత్రమే సుశీలత్త రేకుపెట్టె పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది.

ఎనభైల్లో, టీచరు ఉద్యోగం వచ్చాక, చెప్పేయాలనే ఆళ్లగడ్డకు పోయాను. నన్ను గుర్తుపట్టి, గబగబా కొర్రన్నం వండి, వేడివేడిగా వడ్డించింది.

"అత్తా, ఆ అద్దాలు..." అన్నాను.

"యాల పాపా ఆ మాట! నా చేత్తో నేనే పాడు జేస్తి. అప్పుట్నించి ఎవురింట్లోనూ అద్దం ముట్టుకోలే" అని ఇంకో ముద్ద పెట్టింది.

ఇప్పుడు ఆ తోట ప్లాట్లయిపోయింది, అద్దాల ఇంటి పునాది కూడా కనిపించదు. సుశీలత్త పోయి చాలా ఏళ్లయింది. ఆనాడు నేను ఆ అన్నమంతా తిని, చెయ్యి కడుక్కుని, ఏమీ చెప్పకుండా వచ్చేశాను.