బొట్టు లేని ఏడాది

ఇరవై ఏళ్ళు ఒకేచోట అంటించిన స్టిక్కరు నా నుదుటి మీద తన ఆనవాలు వదిలిపోయింది. సరిగ్గా బిళ్ళంత తెల్లమచ్చ. అది కనబడకుండా ఇంకాస్త పెద్ద బిళ్ళ పెట్టాను. మచ్చ దాన్నీ దాటింది. డిగ్రీ చదివినదాన్ని, ఆ తెలివి మాత్రం నాదే, ఎవరినీ అనడానికి లేదు.

కర్నూలులో చర్మం డాక్టరమ్మ చూసి, "బొల్లి. మీ స్టిక్కరు జిగురుతోనే మొదలైంది. ఏడాదిపాటు పెరగకుండా ఉంటే చర్మం నాటవచ్చు. అంతవరకు అక్కడ స్టిక్కరు లేదు, కుంకుమా లేదు" అంది.

పెరగకుండా ఉండడం మచ్చ వంతు, బొట్టు లేకుండా ఉండడం నా వంతు. మచ్చే నయం, మాట విన్నది. ఊరు వినలేదు. ఆదోని మార్కెట్లో వంకాయలు తూచే ఆమె గొంతు తగ్గించి, "అన్న పోయి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగింది.

"మా ఆయన పోలేదు. ఇంట్లో ఉగ్గాని తింటాండాడు" అన్నాను.

పేరంటాల్లో తాంబూలం పళ్ళెం నన్ను దాటిపోయేది. మా ఆయన ఇంట్లో పేపరు తిరగేస్తూ, "ఎందుకొచ్చిన గొడవ? చిన్న బిళ్ళొకటి పెట్టుకోరాదా" అనేవాడు. నుదురు నాది, పరువు ఆయనది.

ఏడాది గడిచింది. మచ్చ పెరగలేదు. డాక్టరమ్మ నా చెవి వెనక నుంచి ఆవగింజంత చర్మం ముక్కలు ఆరు తీసి, మచ్చలో చేసిన ఆరు గుంతల్లో పెట్టింది. "మిరప నారు నాటినామనుకోండి. వేరు పట్టేదాకా, ఎనిమిది రోజులు, కట్టు కదిలించొద్దు."

నాలుగో రోజు ఎమ్మిగనూరు నుంచి మా ఆయన అక్క దిగింది, చేతిలో ఉరుకుంద ఈరన్న గుడి కుంకుమతో.

"ఏమ్మే, నా తమ్ముడు గుండ్రాయి మాదిరి కూసోని ఉంటే, నువ్వు మొగుడు సచ్చినదాని మాదిరి తిరుగుతాండావా?"

"వదినా, చర్మం నాటినారు. ముట్టుకుంటే ఊడిపోతాది."

"ఈరన్న కుంకుమకు ఊడిపోయేది యాడైనా ఉంటాదా? నీ సదువు నీకాడే పెట్టుకో."

మా ఆయన వైపు చూశాను. "పెద్దామె సెప్తాంది కదా" అన్నాడు.

కుదరదన్నాను. మధ్యాహ్నం మాత్ర వేసుకుంటే మత్తుగా నిద్ర పట్టింది. చురుక్కుమని మెలకువ వచ్చేసరికి కట్టు ఒక పక్క వేలాడుతోంది. వదిన వేలు నా నుదుటి మీద ఉంది. కుంకుమా నెత్తురూ కలిసి ముక్కు మీదికి కారుతున్నాయి.

"ఇప్పుడు ముత్తైదువ మాదిరి ఉండావు" అంది వదిన.

ఎదురుగా కుర్చీలో మా ఆయన. అంతా చూస్తూనే ఉన్నాడు.

ఆరింటిలో రెండే మిగిలాయి. ఈ గాయంతో మచ్చ పెరగలేదని తేలితేనే మళ్ళీ నాటేదని డాక్టరమ్మ చెప్పింది. అంటే ఇంకో ఏడాది.

ఆ మాట చెప్పగానే వదిన గుండెలు బాదుకుంది. "నా మనవరాలి పెండ్లికి గూడా ఇట్లే వస్తావా?"

"ఇట్లే వస్తా వదినా. ముందు వరసలో కూసుంటా. ఎవరన్నా అడిగితే పక్కనుండే మొగుణ్ణి చూపిస్తా. బతికే ఉండాడో లేదో మాత్రం నువ్వే తట్టి చూసుకో."

మా ఆయన పేపరు దించాడు.

పెండ్లికి అట్లే పోయాను. అప్పటికి ఆ రెండు ముక్కల చుట్టూ నా రంగు కందిబేడంత పాకింది. ముందు వరసలోనే కూర్చున్నాను. తాంబూలం పళ్ళెం నన్ను దాటబోయింది. అంచు పట్టుకుని ఆపాను.