ఆట మానిన గుర్రం

వాడరేవులో దిగింది మే నెల మధ్యాహ్నం. ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆటోవాడు సరుగుడు తోట దగ్గర దించి వెళ్లిపోయాడు. చేతిలో సంచి. అందులో రెండు జతల బట్టలు, డెక్కలు చెక్కే కత్తి, ఆకురాయి, డైరీ. తోట వెనక రేకుల షెడ్డు. అదే నా ఆఖరి పోస్టింగు.

సైన్యం నుంచి రిటైరై చాలా ఏళ్లయింది. అక్కడ నా పని కొండల మీదికి సామాను మోసే కంచర గాడిదలతో, గస్తీ గుర్రాలతో. తుపాకీ పట్టింది తక్కువ, డెక్క పట్టింది ఎక్కువ. అది తెలిసి, దెబ్బతిన్న గుర్రాలను బాగుచేసే ఒక చిన్న సంస్థ వాళ్లు పిలిచారు. వెళ్లాను.

డ్యూటీ ఒక్క గుర్రం. పేరు మల్లి. తెల్లటి ఆడ గుర్రం. చీరాల చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపుల్లో దానికి పెద్ద పేరు. డప్పు మోగితే ముందరి కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి ఆడుతుందని జనం ఎగబడి చూసేవారు. ఈ మధ్య పడుకుంటే లేవడం లేదని యజమాని మస్తాన్ తెచ్చి అప్పగించాడు.

షెడ్డులో అది నిలబడిన తీరు చూశాను. ముందరి కాళ్లు బాగా ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసింది. డప్పు లేదు. అయినా ఎడమ కాలు ఎత్తింది. దించి, కుడి కాలు ఎత్తింది.

"చూశారా మిలట్రీ గారూ, ఊరికే ఉన్నా ఆడుద్ది," అన్నాడు మస్తాన్ మురిసిపోతూ.

డెక్క మీద చెయ్యి పెట్టి, సంస్థ పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"వేడి ఉందా?"

"కాలిపోతోంది."

"డెక్క పైన నాడి?"

"గట్టిగా కొట్టుకుంటోంది."

"ఏం పెడుతున్నారో అడగండి."

అడిగాను. ఊరేగింపు ఆగిన ప్రతి గుమ్మం ముందూ గుర్రానికి బెల్లం పెడతారట. అది పెళ్లివారికి శుభమట. ఇంటికి తెచ్చాక మస్తాన్ నానబెట్టిన శనగలతో మళ్లీ బెల్లం పెడతాడు. అంతా ప్రేమే. ఆ తీపి ఎక్కువైతే గుర్రానికి డెక్క లోపల వాస్తుంది. పైన గట్టి గోరు, వాపుకు చోటు ఉండదు. ఏ కాలు మోపినా నొప్పే కాబట్టి కాళ్లు మారుస్తూ ఉంటుంది. దానికి ఆట అని పేరు పెట్టారు. ఆట బాగుందని ఇంకాస్త బెల్లం పెట్టారు.

ఆ రోజు డైరీ రాస్తుంటే పెన్ను కాగితాన్ని చింపేసింది.

సైన్యంలో మా నియమం ఒకటే: ముందు కాలు, తర్వాత కడుపు, ఆ తర్వాతే కళ్లెం. లాడాలు పీకించాను. లాడాలు వేసే మనిషి డెక్క ముందుభాగం కొంచెం కొంచెంగా చెక్కాడు. షెడ్డు నిండా మెత్తటి ఇసుక పోయించాం. గింజ బంద్. తీపి పోయేలా నీళ్లలో నానబెట్టి పిండిన ఎండుగడ్డి మాత్రమే.

ఒకరోజు మస్తాన్ జేబులో బెల్లం ముక్క దొరికింది. అడిగితే, తన బిడ్డను పస్తులు పెడుతున్నానని నా మీదే లేచాడు. డెక్క నొప్పి చూసే పట్టుకారు తీసి అతని బొటనవేలి గోరు మీద నొక్కాను. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడు ఈ గోటి మీద పెళ్లికొడుకుని మొయ్యి," అన్నాను.

మస్తాన్ కొన్నాళ్లు రాలేదు. వచ్చినప్పుడు నెత్తి మీద గడ్డిమోపు ఉంది.

వానలు పడ్డాయి. దారి పొడుగునా చేలల్లో పత్తి మొలకెత్తింది. మల్లి డెక్కలు చల్లబడ్డాయి. తనంతట తనే లేచింది. అప్పుడు మొదలుపెట్టాను నేర్పడం. మస్తాన్ వాడే, నోట్లో గుచ్చుకునే ముళ్ల కళ్లెం గొయ్యి తీసి పాతేశాను. మెత్తటి తాడు చాలు. మాటకు నడవాలి, మాటకు ఆగాలి. అదంతా మస్తాన్ చేతే చేయించాను.

శ్రావణంలో చీరాలలో పెళ్లి. మస్తాన్‌కు బతుకుతెరువు అదే. నడక మాత్రమే, బెల్లం వద్దు అన్న షరతు మీద డాక్టరమ్మ ఒప్పుకుంది. నేను పక్కనే నడిచాను. మల్లి ఆగమన్న చోట ఆగింది. డప్పులు మోగాయి. అది నాలుగు కాళ్లూ నేలకు ఆనించి, చెవులు మాత్రం కదుపుతూ నిలబడింది. నేను బాగుచేసిన ఏ గుర్రాన్ని చూసీ అంత గర్వపడలేదు.

"ఏరా మస్తానూ, ఆడే గుర్రమని చెప్పి దిష్టిబొమ్మను తెచ్చావేందిరా?" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ.

జబ్బు తగ్గింది కాబట్టి ఆడటం లేదని నేను చెప్పాను.

"అయితే జబ్బున్నదాన్నే తేవాల్సింది," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చదువుకున్నవాళ్లు, పిల్లల తల్లులు, అందరూ. పెళ్లికొడుకును దించేసి, ఫోన్ చేసి ఇంకో గుర్రాన్ని రప్పించారు.

మస్తాన్ తల దించుకుని తాడు చుట్టుకున్నాడు. "దాని ఆట తీసేశారు సార్. ఇక దీన్ని ఎవరు పిలుత్తారు?" మల్లి మెడ నిమిరి, "అయినా బెల్లం మాత్రం పెట్టన్లెండి," అన్నాడు.

ఇప్పుడతను ఆటో తోలుతున్నాడు. మల్లి అతని ఇంటి వెనక గడ్డి తింటోంది.

నేను బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చేశాను. మా వీధిలో ఊరేగింపు వస్తే కిటికీలు మూసేస్తాను. అయినా ఆ పెళ్లికి రప్పించిన రెండో గుర్రం కనిపిస్తూనే ఉంటుంది. గోధుమ రంగుది. ముందరి కాళ్లు చాపి నిలబడింది. ఎడమ కాలు ఎత్తింది, కుడి కాలు ఎత్తింది. జనం ఈలలు వేశారు. డప్పు కొట్టేవాడు దాని కాళ్లకేసే చూస్తున్నాడు. అది కాలు ఎత్తినప్పుడల్లా డప్పు మీద దెబ్బ వేస్తున్నాడు. అది ఆలస్యం చేస్తే పుల్ల గాల్లోనే ఆపి, మళ్లీ ఎత్తేదాకా ఆగుతున్నాడు.